చెప్పకుండా వినే ఫోన్

ఫోన్ మోగేసరికి వంట మాస్టరు చేతులు మోచేతుల దాకా పెరుగూ కారాల్లో ఉన్నాయి. పక్కన పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతున్నాయి. మోచేతి కొసతో ఫోన్ అద్దం మీద ఓ పక్కకు గీసి కాల్ తీసి, స్పీకరు నొక్కాడు. ఆయనెప్పుడూ అంతే, చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఆయన ఫోన్లన్నీ పెరడంతా వినాల్సిందే.

"ఏమోయ్ మాస్టరూ, మా మనవరాలి ఓణీల ఫంక్షన్ ఖాయమైందోయ్!"

చేసింది వినగడప ఊరి పెద్దాయన. ఆయన మాట పూర్తయ్యీ కాకముందే మధ్యలోకి ఒక ఆడగొంతు వచ్చింది. ఈ కాల్ రికార్డు అవుతోందని, ఇంగ్లీషులో, విమానాశ్రయంలో చెప్పినంత శుభ్రంగా చెప్పింది.

"ఎవరా అమ్మాయి?" అన్నాడు పెద్దాయన.

"ఎవరూ లేరు బాబాయ్ గారూ. ఫోనండి."

"ఫోన్ మాట్లాడటమేంటి? ఏమంటోంది?"

అవతల పక్కనుంచి ఆయన కోడలి గొంతు వినపడింది. "మన మాటలు రికార్డు చేస్తున్నారంట మావయ్యా."

అవతల ఎక్కడో ట్రాక్టర్ పోతున్న చప్పుడు వచ్చింది.

"నావా? నా మాటలు రికార్డు చేస్తున్నావా మాస్టరూ?"

"అది కాదు బాబాయ్ గారూ, అది దానంతటదే..."

"నేనేమన్నా పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశానా? ఇన్నాళ్లకి నా నోటిమాట చాల్లేదా నీకు?"

పెట్టేశాడు. మాస్టరు చేతులు అలాగే పైకెత్తి నిలబడ్డాడు. ఉల్లిపాయలు నల్లబడ్డాయి. ఆయన పొయ్యి మీద ఉల్లిపాయ మాడటం నేను చూడటం అదే మొదలు.

నేనక్కడ ఎందుకున్నానో చెప్పాలి. మాదీ తిరువూరులో అదే వీధి. దినపత్రికలో చాలాకాలం పనిచేసి, మొదట చుట్టుపక్కల మండలాల వార్తలు రాసి, తర్వాత డెస్కులో కూర్చుని పక్కవాళ్లు రాసినవి దిద్ది, రిటైరై ఇంటికొచ్చినవాణ్ణి. నా ఫోన్ ముసలిదైంది. కొత్తది కొనాలి. మా వీధిలో ఎవరు ఫోన్ కొనాలన్నా ముందు మాస్టరు కూతుర్ని అడుగుతారు. ఆ అమ్మాయి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. ఆ ఉదయం నేను అందుకే వెళ్లి, పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"రెండు రకాలంకుల్" అని మొదలుపెట్టింది ఆ అమ్మాయి. "ఒకటి, ఆండ్రాయిడ్ తయారు చేసినవాళ్లు ఎలా ఇచ్చారో అలాగే ఉండే ఫోన్. రెండోది, ఫోన్ కంపెనీవాళ్లు దాని మీద వాళ్ల మసాలా వాళ్లు వేసి అమ్మేది."

"మసాలా లేకపోతే ఎవరు తింటారమ్మా?" అన్నాడు వాళ్ల నాన్న, ముక్కలు కలుపుతూనే.

"మసాలా అంటే నీ మసాలా కాదు నాన్నా. నువ్వు అడగని ఐటమ్‌లు పది తెచ్చి విస్తట్లో వేసి, వద్దంటే తీయడానికి వీల్లేదనే రకం."

"వడ్డించినవాడు ప్రేమతోనే వడ్డించాడేమో."

"ప్రేమతో కాదు, ప్రకటనల కోసం."

ఇద్దరిలో ఎవరి మాట సరైందో తేల్చుకోకముందే ఫోన్ మోగింది. తర్వాత నా ఫోన్ సంగతి అందరం మర్చిపోయాం.

మాస్టరు బిర్యానీ వండుతాడు. తిరువూరులోనే కాదు, అటు విస్సన్నపేట, ఇటు గంపలగూడెం దాకా పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ ఆయన గుండిగలు వెళ్తాయి. ఆయన వంట గురించి చెప్పేవాళ్లు రుచి గురించి ఎంత చెబుతారో ఆయన జ్ఞాపకం గురించీ అంత చెబుతారు. "మాస్టరుకి ఒక్కసారి చెబితే చాలు, రాసుకోడు, మళ్లీ అడగడు" అంటారు. ఎవరింట్లో కారం తక్కువ తింటారు, ఎవరి పెద్దల్లుడు ఎముక లేని ముక్క ముట్టడు, ఎవరికి అన్నం పొడిగా ఉండాలి, అన్నీ చెప్పింది చెప్పినట్టు దించుతాడు.

ఒకప్పుడు అదంతా నిజంగా ఆయన తలలోనే ఉండేది. నేను చూశాను. కొన్నేళ్ల కిందట పట్టుకున్న జ్వరం ఆయన్ని చాలాకాలం మంచం మీద ఉంచింది. లేచాక చేతి వాటం తిరిగి వచ్చింది గానీ, విన్న మాట నిలవడం తగ్గింది. ఒక పెళ్లికి పలావు అడిగితే బిర్యానీ దించబోయి, ఆఖర్లో భార్య గుర్తుచేస్తే తప్పించుకున్నాడు. ఆ సాయంత్రం కూతురు ఆయన ఫోన్ తీసుకుని ఏదో నొక్కి ఇచ్చింది. అది కంపెనీ మసాలా వేసిన ఫోన్. దాంట్లో కంపెనీవాళ్లే పెట్టిన ఏర్పాటు ఒకటుంది. వచ్చిన, చేసిన ప్రతి కాల్‌నూ దానంతటదే, చప్పుడు లేకుండా రికార్డు చేసి దాస్తుంది. అవతలివాళ్లకు తెలియదు.

అక్కణ్ణుంచి మాస్టరు ఇంట్లో ఒక పద్ధతి తయారైంది. వంటరోజు తెల్లారాక పొయ్యిలు వెలిగించగానే, ఆయన ఆ పార్టీ, అంటే వంట చెప్పినవాళ్లు, మాట్లాడిన కాల్ పెడతాడు. ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్లూ, బియ్యం కడిగేవాళ్లూ, అందరూ ఆ గొంతు వింటూనే పని చేస్తారు. ఎక్కడో పొలం గట్టు మీద నిలబడి ఎప్పుడో మాట్లాడిన మనిషి ఈ పెరట్లో కూర్చుని పురమాయిస్తున్నట్టే ఉంటుంది. మధ్యలో ఆయన దగ్గితే ఇక్కడ ఎవరో "పాపం, ఆయనకింకా తగ్గలేదు" అంటారు. "పార్టీ ఎదురుగా ఉన్నట్టే వండాలి" అనేవాడు మాస్టరు. ఈ సంగతి ఆ పెరడు దాటి బయటికి పోలేదు. దాచమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు, కానీ దాచారు.

మరి ఆ ఫోన్ ఎందుకు మార్చాడంటే, మసాలా వల్లే. ఆ ఫోన్‌ను నిద్రలేపగానే అద్దం మీద రోజుకో బొమ్మ వచ్చేది. కొండలూ పూలూ అయితే ఫరవాలేదు. నమాజు అయ్యాక మసీదు బయట పెద్దలకు ఏదో ఫంక్షన్ ఫోటో చూపిద్దామని ఫోన్ తీస్తే, చాలీచాలని బట్టలేసుకున్న ఒక అమ్మాయి "ఒంటరిగా ఉన్నారా?" అని అడుగుతూ అద్దమంతా పరుచుకుంది. పెద్దలు గడ్డాలు సవరించుకున్నారు. ఒకాయన మాత్రం "మాస్టరుకి ఈ వయసులో స్నేహితులు ఎక్కువయ్యారే" అన్నాడట. మాస్టరు ఇంటికొచ్చి ఫోన్‌ను కూతురి ముందు పెట్టి, "ఈ దరిద్రం నాకొద్దు" అన్నాడు. ఆ అమ్మాయి ఎదురుచూస్తున్నది అదే. ప్రకటనల్లేని, అడగని యాపుల్లేని, శుభ్రమైన ఫోన్ తెప్పించింది.

కొత్తది నిజంగానే శుభ్రంగా ఉంది. తెల్లటి గోడలాంటి అద్దం. పిలిస్తే పలుకుతుంది. దాంట్లోనూ కాల్ రికార్డు అవుతుంది. కాకపోతే, రికార్డు చేస్తున్నానని ముందుగా ఇద్దరికీ వినపడేలా చెబుతుంది. ఆ చెప్పడం ఆపడానికి ఆ అమ్మాయి సెట్టింగులన్నీ వెతికింది. బయట యాపులేవో వేసి చూసింది, పనిచేయలేదు. చివరికి "చెప్పి చేయడమే మంచిది నాన్నా, వాళ్ల మాటలు వాళ్లవి కదా. తెలియకుండా తీసుకోవడం దొంగతనం లాంటిదే" అంది.

"దొంగతనమంటే ఎవరిదైనా ఏదో ఒకటి పోవాలి కదమ్మా. ఎవరిదేం పోయింది?"

ఆ అమ్మాయి ఫోన్‌ను ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తిరువూరు పార్టీలు ఆ ఆడగొంతును పట్టించుకోలేదు. ఎక్కడెక్కడినుంచో వచ్చే ఫోన్లలో అలాంటివి రోజూ వింటున్నారు. ఒక పెళ్లికొడుకైతే "మాస్టరు గారు కార్పొరేట్ అయ్యారే!" అని నవ్వాడు. అందుకే మాస్టరుకు ముందుగా అనుమానం రాలేదు. వినగడప పెద్దాయన కొత్త ఫోన్‌కు చేయడం ఆ రోజే మొదలు.

ఆ ఇల్లు మాస్టరుకు మిగతా ఇళ్లలాంటిది కాదు. పెద్దాయన తండ్రి ఉన్నప్పుడు మాస్టరు తండ్రి ఆ ఇంటికి వండాడు. ఎవరి పెళ్లి కుదిరినా వాళ్ల దగ్గరి చుట్టాలకంటే ముందు మాస్టరుకు తెలిసేది. జ్వరం వచ్చినప్పుడు పెద్దాయన బస్సెక్కి వచ్చి, మంచం పక్కన కూర్చుని, మామిడికాయల బుట్ట కింద పెట్టి, "నువ్వు లేస్తేనే మా ఇంట్లో శుభకార్యం" అని చెప్పి వెళ్లాడు. అలాంటి మనిషి ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా తీయలేదు.

"ఆర్డరు పోతే పోయింది అన్నగారూ" అన్నాడు మాస్టరు నాతో. "ఆయన నన్ను పరాయివాణ్ణి చేసేశాడు, అదీ నా బాధ. మీరొకసారి రండి. మీరుంటే నన్ను గుమ్మంలోంచి పంపేయడు."

నా స్కూటర్ మీద బయల్దేరాం. వెనక కూర్చుని దారంతా మాటలు పేర్చుకుంటూనే ఉన్నాడు. మామిడి తోటలు దాటాక ఒక విధంగా చెప్పి చూశాడు, పత్తి చేలు వచ్చాక ఇంకో విధంగా. "కొత్త ఫోన్ అండి, దాని అలవాటు అది" అని ఒకసారి. "అందరివీ చేస్తుందండి, మీదొక్కటే కాదు" అని ఇంకోసారి.

"ఆ రెండోది అనకు. ఇంకా మండుతుంది" అన్నాను.

"మరి నిజం చెప్పేస్తేనో? పాతదీ చేసేదని?"

నేను గుంట తప్పించి స్కూటర్ ముందుకు పోనిచ్చాను. విలేకరిగా తిరిగిన రోజుల నుంచీ ఈ తిరకాసు నాకు బాగా తెలుసు. అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్న మనిషి, నేను జేబులోంచి పుస్తకం తీయగానే నిటారుగా కూర్చునేవాడు. మాట మారిపోయేది. ఇంట్లో మాట పోయి పేపర్లో మాట వచ్చేది. పుస్తకం తీయకుండా వింటే ఎంతైనా చెప్పేవాడు. మర్నాడు పేపర్లో అది చదువుకుని, "నేనన్నది భలే గుర్తుపెట్టుకున్నారండీ" అని మెచ్చుకునేవాడు. రాసుకోవడం తప్పనేవాడు లేడు. తన కళ్లముందు రాసుకోవడమే మనుషులకు కష్టంగా ఉండేది.

పెద్దాయన వరండాలో ఉన్నాడు. నాకు కుర్చీ వేయించాడు. మాస్టరు వైపు చూడలేదు. కోడలు మజ్జిగ తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది.

"మీరు పేపరాయన కదూ" అన్నాడు నాతో. "మీరు చెప్పండి, నామీద కేసేమన్నా వేస్తాడా ఇతను?"

"లేదండీ. ఫోన్ మార్చాడు, అదలా అంటోంది."

"మొన్న మా రెండోవాడి పెళ్లికి, పొలంలో నిలబడి ఒక్క మాటన్నాను, మా వియ్యపురాలికి పుదీనా పడదని. అదీ ఏదో మాటల్లో. ఆవిడకి విడిగా చిన్న గిన్నెలో దించుకొచ్చాడండీ! ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. అది మనిషంటే. అలాంటివాడు ఇవాళ నా మాట మిషన్‌లో పెట్టుకుంటానంటే నాకెలా ఉంటుంది?"

మాస్టరు మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాడు.

"ఏమోయ్, మాట్లాడవేం? పాత ఫోన్ ఏమైంది?"

"ఇంట్లోనే ఉంది బాబాయ్ గారూ."

"అది ఇలా అనేది కాదుగా?"

"అనేది కాదండి. కానీ, పాతది కూడా..."

"ఇంకేం! మర్యాద తెలిసిన ఫోన్ ఇంట్లో పెట్టుకుని ఈ వాగుడు ఫోన్ ఎందుకు కొన్నావ్? చవగ్గా వచ్చిందా?"

"మా అమ్మాయి కొంది. మంచిదంటుందండీ."

"చదువుకున్న పిల్లలకి అన్నీ మంచివే. నువ్వు పాతదే తియ్యి. నాతో మాట్లాడేటప్పుడు దాంతోనే మాట్లాడు. సరేనా?"

ఆ "పాతది కూడా" అన్న మాట మాస్టరు నోటి దాకా మళ్లీ వచ్చింది. నాకు కనిపించింది. అప్పటికే పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యేసి కుర్చీలోకి లాగాడు. మొహం తేటపడింది. కోపం అయిపోయాక పిల్లాడిలా సంతోషించే మనిషి ఆయన. "అలిగాను గానీ, ఇంకోడి చేత వండిస్తాననుకున్నావా? ఇలా కూర్చో, చెప్తాను" అని అక్కడికక్కడే ఫంక్షన్ వంట పురమాయించడం మొదలుపెట్టాడు. కోడి ఎంత, పొట్టేలు ఎంత, వచ్చేవాళ్లలో ఎవరికేం పడదు, అన్నీ. మాస్టరు తలూపుతూ విన్నాడు. పెదవులు కొద్దిగా కదులుతున్నాయి, ఒక్కో మాటను లోపల మళ్లీ అనుకుంటున్నట్టు. పెద్దాయన ఎదురుగా ఏదీ రాసుకోవడానికి లేదు.

ఊరు దాటి వాగు దగ్గరికి రాగానే నా భుజం తట్టి ఆపమన్నాడు. రోడ్డు పక్కన నిలబడి, "అన్నగారూ, మీకెంత గుర్తుంది?" అన్నాడు.

నాకు గుర్తున్నది నేను చెప్పాను. ఆయనకు గుర్తున్నది ఆయన చెప్పాడు. చాలావరకు కలిసింది. గుత్తివంకాయ దగ్గర తేడా వచ్చింది.

"ఉండాలన్నాడు" అన్నాను.

"వద్దన్నాడు అన్నగారూ. వంకాయ వాళ్లింట్లో ఎవరికో దురద అన్నాడు."

"దురద చేపకి."

"చేపకి దురదేంటండీ, చేప ఊసే రాలేదు!"

"వచ్చింది. కోడలు అంది."

షేర్ ఆటోలో పోతున్నవాళ్లు మమ్మల్ని చూసి, కొట్టుకుంటున్నామనుకుని ఆపారు. ఏం లేదు, వంకాయ గురించని చెబితే, ఒకామె "వంకాయకేనా!" అని నవ్వింది. ఆటో వెళ్లిపోయింది. మేమూ నవ్వుకున్నాం. తర్వాత మాస్టరు నవ్వు ఆపేసి, "ఆ పుదీనా మాట నాకు గుర్తులేదండీ" అన్నాడు. "ఆయన అన్నట్టు కూడా నాకు తెలియదు. ఆ పొద్దున ఫోన్ పెడితే దాంట్లో ఉంది. ఆయన మెచ్చుకున్నదంతా దాన్ని."

"గిన్నె విడిగా దించింది నువ్వే కదా" అన్నాను.

"అదైతే నేనే." స్కూటరెక్కుతూ, "ఆయన మెచ్చుకున్నది అది కాదు" అన్నాడు.

ఇంటికి రాగానే కూతురితో సిమ్ మళ్లీ పాత ఫోన్‌లోకి మార్పించాడు. ఆ అమ్మాయి మార్చింది గానీ ఊరుకోలేదు. "నాన్నా, ఆయన కోపపడింది నిజం చెప్పిన ఫోన్ మీద. మెచ్చుకున్నది అబద్ధమాడే ఫోన్‌ని."

"అది అబద్ధమాడలేదమ్మా. నోరు మూసుకుంది, అంతే."

"పోనీ రికార్డింగ్ ఆపనా?"

వంకాయ సంగతి ఇంకా తేలలేదు. "ఈ ఒక్క ఫంక్షన్ అయ్యాక ఆపు" అన్నాడు మాస్టరు. మర్నాడు పాత ఫోన్‌తో వినగడపకు చేశాడు. అద్దం మూలన చిన్న ఎర్రచుక్క వెలిగింది. ఎవరి గొంతూ మధ్యలోకి రాలేదు. "హమ్మయ్య, ఇప్పుడు మనిషితో మాట్లాడినట్టుంది" అన్నాడు పెద్దాయన. గుత్తివంకాయ ఉండాల్సిందే. చేప ఊసు ఎవరూ ఎత్తలేదట. చెరొక తప్పు మాది.

ఫంక్షన్ రోజు ఆ కాల్ పెరట్లో మోగింది. నేనూ విన్నాను. "మనిషితో మాట్లాడినట్టుంది" దగ్గరికి రాగానే మాస్టరు చెయ్యి చాచి దాన్ని ముందుకు జరిపాడు. ఉల్లిపాయలు తరిగే ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "పోనీండి మాస్టర్ గారూ, ఆయన సంతోషం ఆయనది" అంది.

వంట అద్భుతంగా కుదిరింది. భోజనాలయ్యాక పెద్దాయన మాస్టరును చెయ్యి పట్టుకుని పందిరంతా తిప్పి, "ఇతనికి ఒక్కసారి చెబితే చాలు" అని వియ్యాలవారికి చూపించాడు. మాస్టరు ఆయన్ని పక్కకు పిలిచి, "బాబాయ్ గారూ, మీతో ఒక మాట చెప్పాలండీ" అన్నాడు. పెద్దాయన "తర్వాత చెబుదువు గానీ, ముందు నువ్వు తిన్నావా?" అని తనే విస్తరి వేయించి, ఎదురుగా నిలబడి వడ్డించాడు. నోట్లో ముద్ద ఉన్న మనిషి ఇంకేం చెబుతాడు?

నా ఫోన్ సంగతికొస్తే, నేను మసాలా వేసినదే కొన్నాను. దాంట్లో అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, గడియారం గోడ గడియారమంత ఉంటుంది. నా కళ్లకు అది కావాలి. రోజూ పొద్దున్నే దాని మీదికొచ్చే ప్రకటనలను ఒక్కొక్కటీ తీసేస్తాను. మాస్టరు కూతురు చూసి, "మీరూ ఇంతేనా అంకుల్" అంది. ఆ అమ్మాయి చెప్పిందే సరైందని ఒప్పుకున్నాను. అయినా కొనుక్కున్నది ఇది.

మాస్టరు దగ్గర ఇప్పుడు రెండు ఫోన్లూ ఉన్నాయి. కొత్తదాంట్లో కూతురు వేరే సిమ్ వేసింది, తిరువూరు పార్టీలు దానికి చేస్తారు. పాతదానికి కంపెనీవాళ్లు అప్‌డేట్లు పంపడం మానేశారు. దాని బ్యాటరీ మధ్యాహ్నానికే దిగిపోతుంది. రికార్డింగ్ ఆపమని ఆయన ఇంకా చెప్పలేదు. వినగడప మాటలన్నీ దాంట్లోనే ఉన్నాయి. చెరిపేయమంటే, "ఆయన్ని అడగకుండా దాచినవి, మళ్లీ ఆయన్ని అడగకుండా చెరిపేయడమా?" అంటాడు. అడగాలంటే చెప్పాలి. చెప్పడానికని రెండుసార్లు వినగడప వెళ్లి, మజ్జిగ తాగి తిరిగొచ్చాడు.

పోయిన నెలలో పెద్దాయన కోడలికి కొత్త ఫోన్ కొన్నాడు. మాస్టరు పాత ఫోన్ ఏ కంపెనీదో ఫోన్ చేసి మరీ కనుక్కుని, అదే కంపెనీది తెప్పించాడు. మాస్టరు కూతురు కనుక్కుని చెప్పింది, చప్పుడు లేకుండా రికార్డు చేసే ఆ ఏర్పాటు దాంట్లోనూ ఉంటుందట. ఆ కోడలు ఫోన్ సెట్టింగులన్నీ తిరగేసే మనిషి. ఆమె అది చూసిందో లేదో, చూసి మావగారితో అన్నదో లేదో, మాకింకా తెలియదు.